గుండు చేయించిన తల

నా బిడ్డకు చెవులు వినపడవు. పోగొట్టింది జబ్బేనని మా ఇంట్లో అందరూ అంటారు. సగం మేమే పోగొట్టామని నేనంటాను. అందుకే శుభకార్యాలకు నన్ను పిలవాలంటే మావాళ్ళు ఇప్పుడు కొంచెం వెనకాడతారు.

నాది పులివెందుల. అమ్మ తమ్ముణ్ణే చేసుకుని జమ్మలమడుగు వచ్చాను. అంటే అమ్మమ్మే నాకు అత్తగారు. చిన్నప్పటి అలవాటు కొద్దీ అవ్వా అనే పిలుస్తాను. హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మేనరికాల వల్ల పిల్లలకు వచ్చే జబ్బుల గురించి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. గంట కొట్టగానే చేతులు దులుపుకుని ఇంటికొచ్చి నా మొగుడైన మామకు అన్నం పెట్టేదాన్ని. సిగ్గులేని చదువు నాది.

పాపకు మూడో నెలలో నోటి చుట్టూ, కళ్ళ చుట్టూ ఎర్రగా పొక్కింది. అవ్వ చూసి, "అక్కి మే ఇది. కుమ్మరాయనతో రాపిచ్చుకోనొస్తే రెండు దినాల్లో మాడిపోతాది" అంది. ఆయన జాజు మట్టి తడిపి బుగ్గల మీద రాశాడు. తగ్గక వారం వారం రాయిస్తూనే ఉన్నాం. ఎరుపు మీద ఎరుపు, ఇంకేం కనపడుతుంది?

నెల తిరిగేసరికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలసాగింది. "ఎట్లాగూ రాలిపోతాండాయి గదా, ఐదో నెల్లోనే పుట్టెంటికలు దేవునికిచ్చేద్దాం" అంది అవ్వ. నాకూ బాగానే అనిపించింది. బిడ్డకేమైందని నలుగురూ అడిగే బాధ తప్పుతుందనుకున్నాను. మా తమ్ముడి ఒళ్ళో కూర్చోబెట్టి గుండు చేయించాం. ఫోటోలు దిగాం.

ఆ వారమే ఫిట్సు మొదలైంది. ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. నాటువైద్యం చేయించినందుకు తిడతాడని బస్టాండు కుళాయి దగ్గర జాజు కడిగి పౌడరు పూసింది నేనే. ఇంకా మిగిలిన ఎరుపేమిటని ఆయన అడిగితే పౌడరు పడలేదేమో అన్నాను. గుండు చూసి "మొక్కు తీరిందా?" అని నవ్వాడు. తీరింది సార్ అన్నాను. ఆయన ఫిట్సుకు మందు రాశాడు. ఆయన్నేమనను? చూడాల్సినవన్నీ తుడిచేసి మరీ చూపించాను.

ఆరు నెలలు సిరప్పులు మార్చాం. ఫిట్సు ఆగలేదు, మెడ నిలవలేదు, జుట్టు మొలవలేదు. చివరికి బెంగళూరులో ఒక డాక్టరమ్మ మా ఫోన్లో పాత ఫోటోలన్నీ వరసగా చూసింది. రక్తపరీక్ష చేయించింది. పొక్కులూ, జుట్టు రాలడమూ, ఫిట్సూ మూడూ ఒకటే జబ్బని చెప్పింది. బయోటిన్ అనే విటమిన్‌ను బిడ్డ ఒళ్ళు వాడుకోలేకపోతోందట. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే వచ్చే జబ్బట. రోజుకో మాత్ర, బతికినన్నాళ్ళూ వేయాలి. అంతే వైద్యం.

మాత్ర వేసిన వారంలో ఫిట్సు ఆగింది. మొహం తేటపడింది. నెత్తిన నూగు మొలిచింది. నేను ఆనందంతో ఏడ్చాను. కానీ పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. పొక్కులు వచ్చినప్పుడే తెచ్చి ఉంటే పోయేది కాదట. అవ్వ మాత్రం, "బిడ్డ దక్కింది, సాల్లే మే" అంది. ఆ మాటకు ఆమెను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు.

పోయిన నెల పులివెందులలో మా చెల్లెలి సంబంధం మాట్లాడారు. వరుడు మా పెద్దమామ కొడుకు. ఇంకోసారి వద్దన్నాను. ముందు నువ్వూ ఆ అబ్బాయీ రక్తపరీక్ష చేయించుకోండని చెల్లెలికి చెప్పాను. చెల్లెలు తల వంచుకుంది. మా ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "యాడలేని భయాలు పెట్టద్దు మే. ఇప్పుడు మాత్ర ఉండాది గదా" అంది. అందరూ అవునన్నారు.

నేను లేచి గడప దాకా వెళ్ళాను. వాకిట్లో ఆడుకుంటున్న నా కూతుర్ని గొంతు చించుకుని పిలిచాను. వీధిలో పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. అది తిరగలేదు.