గంపలకు కరిగిన కోట

కోటలంటే నాకు పిచ్చి. కెమెరా భుజాన వేసుకుని కొండపల్లి, గండికోట, చంద్రగిరి తిరిగొచ్చాను. ఆ ఫొటోలు ఈ బ్లాగులో పెట్టినప్పుడు ఒక పాఠకుడు, "రాజమండ్రిలో ఉంటూ ఊళ్ళన్నీ తిరుగుతారు, మన డెల్టాలో కోటలే లేవా?" అని దెప్పాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా! రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో, వరిచేల మధ్య, పాతకాలపు మట్టికోట బురుజు ఒకటి మిగిలిందని విని డిసెంబరులో ఒక శనివారం బయల్దేరాను.

తెల్లవారుతూనే బస్సెక్కాను. కడియంలో లారీలకు మొక్కలు ఎక్కిస్తుంటే దారి ఇరుకై బస్సు కాసేపు ఆగింది. గంటన్నరకు రామచంద్రపురం చేరి, బస్టాండు ఎదురుగా పెసరట్టు ఉప్మా తిని, రానూపోనూ నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. "కోటంటే దిబ్బేనండి, ఆయ్. ఫొటోలో ఏం పడుద్దండి?" అన్నాడు డ్రైవరు.

అతను చెప్పింది తప్పేమీ కాదు. రాయి దొరకని నేల ఇది. మట్టినే పొరలు పొరలుగా తొక్కించి గోడలు లేపారు. ఇప్పుడు మిగిలింది రెండు నిలువుల ఎత్తు బురుజు ఒక్కటే. అదీ ఒకవైపు కొరికిన జామకాయలా ఉంది. ఆ చేను సత్యవతిగారిది, యాభై దాటిన రైతు. ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగితే, "తీసుకోండి, ఎక్కకండి," అన్నారు.

మిగతా కోట ఏమైందని అడిగాను.

"మా ఊళ్ళోనే ఉందండి, ఇళ్ళ కింద."

ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా పునాదిలో ఒక గంప కోట మట్టి వేయాలట. కోట బలం ఇంటికి వస్తుందని నమ్మకం. కోటను ఎవరూ పడగొట్టలేదు, అందరూ భక్తిగా గంపెడేసి పట్టుకెళ్ళారు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది.

నేను ట్రైపాడ్ సర్దుకుంటుండగా ఆవిడ మరిది వెంకట్రావు గంప, పార పట్టుకుని వచ్చాడు. ఎల్లుండే అతని ఇంటికి శంకుస్థాపన. సత్యవతిగారు అడ్డంగా నిలబడ్డారు.

"పోయిన వానలకి సగం జారిపోయింది వెంకట్రావూ. ఇంకో గంప తీస్తే ఆ ముక్కా ఒరిగిపోద్ది."

"కోట మట్టి లేకుండా పునాదేస్తే ఆ ఇంట్లో నిద్ర పడుద్దా వదినా? మీ ఇంటికి వేయలేదేంటి?"

"వేశాం. ఆ గంప లోటు రోజూ చూస్తున్నాను, అందుకే చెబుతున్నాను."

అతను ఖాళీ గంపతో విసవిసా వెళ్ళిపోయాడు. పరాయివాళ్ళ తగవులో నాకేం పని? ఎండ ఏటవాలుగా ఉండగానే నాలుగు ఫొటోలు తీసుకున్నాను.

ఆటో ఎక్కబోతుంటే వెంకట్రావు మళ్ళీ వచ్చాడు. ఈసారి గంప నెత్తిన ఉంది, నిండా నల్లటి తడి మట్టి. బురుజు జారినవైపు మొదట్లో కుమ్మరించి కాలితో తొక్కడం మొదలుపెట్టాడు.

"నా పునాది గోతిలోదే వదినా. తీసుకెళ్ళకూడదంటే సరే, తేకూడదని ఎవరూ అనలేదు కదా అంది మా ఆవిడ. ఇప్పుడు కోటకీ మా ఇంటికీ చుట్టరికం కలిసినట్టేగా?"

సత్యవతిగారు కూడా కొంగు బిగించి ఆ మట్టిలోకి దిగి తొక్కసాగారు. నేను పరుగున వెనక్కి వెళ్ళి తీసిన ఫొటోలో బురుజు సగమే పడింది, నాలుగు బురద పాదాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

ఒక్క గంప మట్టితో కోట నిలుస్తుందని నేననను. వచ్చే వానలకు అదీ కొట్టుకుపోవచ్చు. కానీ ఇన్నాళ్ళూ కోటలకు వెళ్ళి, రాజులు వదిలి వెళ్ళినవే ఫొటో తీశాను. ఒకరు కోట కడుతుండగా చూడడం ఇదే మొదలు. ఆ రోజు నాకు చాలా సంతోషంగా అనిపించింది.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. చలికాలం పొద్దున్నే వెళితే ఏటవాలు వెలుగులో మట్టి పొరలు ఫొటోలో బాగా పడతాయి. అయితే మంచుకు నేల తడిసి కోట మట్టి అంటుకుంటుంది. గట్టు దిగేముందు చెప్పులు అక్కడే దులుపుకుని రండి.