రెండు మోడెములూ ఒక తిరుపతి ప్రయాణమూ

ఒక్క ఫోన్ చేయడానికి నామోషీ పడి, కంటైనర్ నిండా మామిడి గుజ్జును ఓడ ఎక్కకుండా ఆపబోయిన మొనగాణ్ణి నేను. ఆ వైనం చెబుతాను, మీరు నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు. చెమట వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది.

అప్పట్లో నేను చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆరు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నవాణ్ణి. ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే కంప్యూటరు, దాని ముందు ఒకడే మేధావి. ఓనరు మునస్వామయ్య గారికి కంప్యూటరంటే భయం, నేనంటే నమ్మకం. ఆ నమ్మకం నేను నూరిపోసిందే.

ఆ వానాకాలం పిడుగు పడి మా మోడెం కాలిపోయింది. మోడెం అంటే కంప్యూటరు చెప్పే కబుర్లను ఫోన్ తీగ మీద పంపే డబ్బా. సరిగ్గా అప్పుడే యాభై ఆరు వేగం మోడెములు కొత్తగా వచ్చాయి. తయారుచేసేవాళ్లు రెండు జట్లుగా చీలి రెండు పద్ధతులు పెట్టారు. ఒకటి ఎక్స్‌టూ, రెండోది ఫ్లెక్స్. మన దగ్గరున్న మోడెమూ, మనకు ఇంటర్నెట్ ఇచ్చే ఆఫీసులో ఉన్న మోడెమూ ఒకే రకమైతేనే కొత్త వేగం. జాతకాలు కలవకపోతే పాత నత్తనడకే.

"ఏమప్పా సుబ్బూ, రెండు రకాలంట కదా! ఏది మేలు?" అన్నారు మునస్వామయ్య గారు.

"ఫ్లెక్సే అయ్యా. పేరులోనే ఉండాది, వంగుతాదని. లైను ఎట్లుంటే అట్ల సర్దుకుంటాది."

ఈ ముక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదండీ. అప్పటికప్పుడు నోట్లో పుట్టింది.

టైపు మిషను దగ్గరున్న వసంతక్క తలెత్తింది. ఆఫీసు కాగితాలన్నీ ఆమె చేతిమీదుగానే నడిచేవి. "మనకి ఇంటర్నెట్ ఇచ్చేది తిరుపతి ఆఫీసోళ్లే కదా. వాళ్లది ఏ రకమో ఒక్క ఫోన్ కొట్టి అడగరాదా?"

"ఇంత చిన్నదానికి ఒకర్ని అడిగితే నా సదువుకి పరువేముంటాదక్కా?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా కొంటే మోడెమూ మాట వినదని ఆ పెద్దలు చెప్పకుండా పోయారు. నేను మద్రాసు బస్సెక్కి ఫ్లెక్స్ తెచ్చి బిగించేశాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. సరుకు నిండిన కంటైనర్ లారీ గేటు దగ్గర నిలబడింది. మర్నాడు పొద్దున మద్రాసు హార్బరులో ఓడ. గుజ్జు డబ్బా మీది లేబుల్ రంగుల బొమ్మను విదేశీ కొనుగోలుదారు చూసి సరేనంటేనే లారీ కదలాలి. మన గడియారంలో సాయంత్రం నాలుగు దాటితే వాళ్లు ఆఫీసు మూసుకుపోతారు, ఆపైన సెలవులు. ఫ్యాక్స్‌లో పంపుదామంటే రంగు రాదు.

పది గంటలకు మొదలుపెట్టాను. మోడెం పీక నొక్కిన కోడిలా కూసి, కలిసింది. తెర మీద నీలం గీత పాకడం మొదలైంది. పది శాతం. ఇరవై. ముప్పై ఐదు దగ్గర లైను తెగింది.

"పోయిందా అప్పా?" లోపలి గదిలోంచి అయ్యగారి కేక.

"పోతాండాదయ్యా!"

మళ్లీ మొదటినుంచి. ఈసారి అరవై దాకా వెళ్లి తెగింది. మూడోసారి ఇరవైకే తెగింది. లోపల అయ్యగారు విసుక్కుంటున్నారు. "ఈ ఫోనుకేమొచ్చెనప్పా? లారీ ఆఫీసుకి మాట్లాడదామని ఎత్తితే కుయ్యో అంటాంది!"

"అంతా ఆ మోడెం రకంలో ఉండాదయ్యా," అన్నాను. అలా అన్నాక నాకే అనుమానం వచ్చింది, తిరుపతి వాళ్లది ఏ రకమో అని. గుట్టుగా తిరుపతి ఆఫీసుకు ఫోన్ చేశాను.

"మీ పక్క ఏ రకం సార్?"

"ఎక్స్‌టూ."

నా కాళ్ల కింద నేల గుజ్జయిపోయింది. పన్నెండు మంది లేబుళ్లు అంటించే ఆడవాళ్లు, లారీ డ్రైవరు, కిటికీలోంచి నన్నే చూస్తున్నారు. ఓడ తప్పితే ఈ సీజను బేరమంతా తప్పుతుందని అయ్యగారు పొద్దుటినుంచి పది సార్లు అన్నారు.

"అయ్యా, తిరుపతిలో ఎక్స్‌టూ దొరుకుతాది. మూడున్నరకంతా ఈడుంటాను!"

"రొంత ఆగు సుబ్బూ, నాకేందో..." అంటోంది వసంతక్క. మేధావి ఆగుతాడా? బస్టాండుకు పరిగెత్తాను.

వెళ్లేటప్పుడు నిలబడి, వచ్చేటప్పుడు బుట్టల మధ్య ఒంటికాలి మీద, గుండెకు మోడెం డబ్బా అదుముకుని ప్రయాణం. జేబుల్లో సెల్‌ఫోన్లు లేని కాలం, అక్కడేం జరుగుతోందో తెలిసే దారి లేదు. బస్సు ప్రతి ఊళ్లో ఆగింది, ఊరు లేనిచోట కూడా ఆగింది. వాచీ చూస్తే మూడు. మూడున్నర. నాలుగు. ఫ్యాక్టరీ గేటు ముందు దిగేసరికి నాలుగుంపావు.

గేటు దగ్గర లారీ లేదు.

బేరం తప్పింది, లారీని వెనక్కి పంపేశారు, అనుకున్నాను. నేరుగా ఇంటికి పోదామా అని కూడా అనిపించింది. చివరికి దేవుడి మీద భారం వేసి లోపలికి నడిచాను. అయ్యగారు కాఫీ తాగుతున్నారు!

"లారీ... యాడికి పోయిందయ్యా?"

"మద్రాసుకి. ఇంక యాడికి పోతాది?"

వసంతక్క నెమ్మదిగా చెప్పింది. "నీ మోడెములో తప్పేమీ లేదు సుబ్బూ. లోపలా బయటా ఒకటే లైను కదా. అయ్యగారు ఫోనెత్తినప్పుడల్లా తెగతాంది. లోపలి ఫోన్ వైరు పీకేసి, నువ్వు నొక్కినట్టే నొక్కినా. అరగంటలో పోయింది. రెండుకే సరేనని జవాబు వచ్చె."

గమ్మునుంటే పోయేది. కానీ చంకలో ఎక్స్‌టూ ఉంది.

"అది ఏదో అదృష్టం అక్కా. జోడు కుదిరితే ఎట్లుంటాదో ఇప్పుడు సూడు!" అని కొత్తది బిగించి, ఆ బొమ్మనే నాకు నేను పంపుకున్నాను. అందరూ చుట్టూ చేరారు. అరగంట పట్టింది. గడియారం పట్టుకు చూసిన వసంతక్క, "ఒక్క నిమిసం ఎక్కువే," అంది.

కోపంగా తిరుపతి ఆఫీసుకు ఫోన్ చేసి, స్పీకరు నొక్కాను, వాళ్లను అందరి ముందూ కడిగేద్దామని.

"మీ ఎక్స్‌టూ కొన్నా కూడా స్పీడు రాలేదేంది సార్?"

"ఏం చేస్తుండారు మీరు? పంపతాండారా, దించుకుంటాండారా?"

"పంపతాండాను."

"పంపేదానికి ఏదైనా పాత స్పీడే సార్. ఎక్స్‌టూ గానీ, ఫ్లెక్స్ గానీ, ఆ యాభై ఆరు దించుకునేదానికి మాత్రమే. డబ్బా మీదే రాసుంటాది. సదవలేదా?"

మునస్వామయ్య గారు లేచి, బల్ల మీది రెండు మోడెములనూ, నా నిండు జుట్టునూ మార్చి మార్చి చూశారు.

"తిరుపతి దాకా పోయింది నువ్వు. గుండు మాత్రం నాకు కొట్టినావు కదప్పా!"

లేబుళ్ల ఆడవాళ్లు నవ్విన నవ్వుకి డబ్బాలు దొర్లాయి.

ఆ ఆదివారమే కాణిపాకం వెళ్లాను. అబద్ధపు ప్రమాణం చేస్తే వరసిద్ధి వినాయకుడు ఊరుకోడని మా వైపు అందరికీ తెలుసు కాబట్టి, ఆలోచించి, జాగ్రత్తగా, చేయి చాచి ప్రమాణం చేశాను: "స్వామీ, ఇకమీదట ఎవరైనా రెంటిలో ఏది మేలని అడిగితే, తెలియదని చెబుతాను. తెలిసినా తెలియదనే చెబుతాను."