బకెట్లో ఊగిన గుండు

మా చిన్నాన్న లిఫ్టు మెకానిక్కు. ఆరంతస్తుల భవనంలో ఒకే లిఫ్టును ఇరవై రెండేళ్ళుగా సాకుతున్నాడు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా "తగ్గుతుందిలే" అనే మనిషి, లిఫ్టు తలుపు కీచుమందని కబురొస్తే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఆ భవనం కిందే నా జిరాక్సు కొట్టు. అందుకని ఆయన తిక్కంతా నా కళ్ళముందే జరిగింది.

ఆ తిక్కకు మూలం ఒక బకెట్టు. కొత్త లిఫ్టు బిగించేటప్పుడు అది జారే పట్టాలు నిలువుగా ఉన్నాయో లేదో చూడటానికి పై నుంచి సన్నటి ఉక్కుతీగలు వేలాడదీస్తారు. తీగ చివర ఇనుప గుండు కట్టి, అది ఊగకుండా త్వరగా నిలబడాలని వాడేసిన నూనె బకెట్లో ముంచుతారు. కుర్రతనంలో ఒక పొద్దున ఆ పనిలో ఉండగా గుండు ఎంతకీ నిలబడలేదట. గాలి లేదు. తోటి మెకానిక్కు తీగను తాకాడనుకుని చిన్నాన్న అతన్ని చెడామడా తిట్టాడు. పాపం అతను అల్లంత దూరంలో టీ తాగుతున్నాడు. అప్పుడు చూస్తే రెండో బకెట్లో గుండు కూడా ఊగుతోంది, అదే వైపుకి, అంతే తాపీగా. మర్నాడు పేపర్లో వచ్చింది. సముద్రాల అవతల ఎక్కడో ఒక దీవిలో, సరిగ్గా ఆ పూటే, పెద్ద భూకంపం.

"అక్కడ దెబ్బ తగిలితే ఇక్కడ నా బకెట్లో నూనె కదిలిందమ్మాయ్" అని నాతో వందసార్లు చెప్పాడు. వందోసారీ ఆ మాట దగ్గర ఆయన గొంతు తగ్గిపోయేది. నేను నవ్వేదాన్ని గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్ళు జలదరించేది. గట్టినేల గట్టినేల అంటూ మనం ఇన్నాళ్ళూ కాళ్ళు చాపుకుని నిద్రపోయింది దీనిమీదనా అనిపించేది.

చర్చకు ఆయనకు దొరికింది ఐదో అంతస్తు మేడమ్. బళ్ళో ముప్పై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భవనం సంఘానికి అధ్యక్షురాలు కూడా. మోకాళ్ళ నొప్పుల వల్ల లిఫ్టు లేనిదే అడుగు తీసి అడుగు వేయలేదు. ఆమె ఎక్కడం ఆలస్యం, ఈయనా ఎక్కేసేవాడు.

"అగ్నిపర్వతం ముందు పొగ వదులుతుంది, గొణుగుతుంది, పొట్ట ఉబ్బిస్తుంది అంటారు కదండీ. భూకంపానికి ఆపాటి మర్యాద లేదేంటండీ?"

"అది ఉత్తరం రాసి వచ్చే చుట్టమయ్యా. అదీ ఒక్కోసారి రాయదనుకో. ఇది మాత్రం చెప్పాపెట్టకుండా ఊడిపడే రకం. ఫలానా రోజున వస్తుందని ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు. పుస్తకాల్లోనే ఉంది."

"ఆ పుస్తకాలు రాసినవాళ్ళు లిఫ్టు బిగించి ఉండరండీ."

రెండో లిఫ్టు కోసమని కట్టి వదిలేసిన ఖాళీ సందొకటి నా కొట్టు పక్కనే ఉంది. చిన్నాన్న అందులో పై నుంచి కింది దాకా తీగ వేలాడదీసి, బకెట్టు పెట్టి, ఎప్పుడు ఊగినా నోట్‌బుక్కులో రాసుకునేవాడు. వరసగా మూడుసార్లు పౌర్ణమి దగ్గర్లోనే ఊగింది. ఇంకేం, నాలుగోది మన ఊళ్ళోనే, వచ్చే పౌర్ణమికే, అంటే గురువారమే అని తేల్చేశాడు. ఆ గురువారం లిఫ్టు ఆపేసి, నా దగ్గరే జిరాక్సులు తీయించి, అంతస్తుకొకటి అంటించాడు: "ఈరోజు భూకంపం. లిఫ్టు పనిచేయదు."

ఆరోజు ఆకు కూడా కదల్లేదు. మందులకని బయల్దేరిన మేడమ్ ఐదంతస్తులూ గోడ పట్టుకుని దిగి, మళ్ళీ ఎక్కి, రెండు రోజులు మంచం దిగలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చిన్నాన్న నెల్లాళ్ళు ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

తర్వాత ఒకరోజు నా కొట్టు ముందు చతికిలబడ్డాడు. "మేడమే రైటమ్మాయ్. రోజు చెప్పడం మనవల్ల కాదు. కానీ భూకంపంలో ముందు చిన్న తోపు వస్తుందట, దాని వెనక పెద్దది. మధ్యలో కొన్ని సెకన్లే. పక్క అంతస్తుకి చేరి తలుపు తెరవడానికి నా లిఫ్టుకి నాలుగు సెకన్లు చాలు."

ఖాళీ సందులో ఇంకో చిన్న గుండు కట్టి, దాని చుట్టూ రాగి కడియం బిగించి, అక్కణ్ణుంచి లిఫ్టు మోటారుకు వైరు లాగాడు. గుండు కడియానికి తగిలితే లిఫ్టు దగ్గర్లోని అంతస్తులో ఆగి తలుపు తెరుస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ వారంలో రెండుసార్లు వీధిలో సిమెంటు లారీ పోతే లిఫ్టు ఆగింది. రెండుసార్లూ లోపలున్నది మేడమే!

"ఆ గుండు తీసెయ్. ఇంకొక్కసారి ఉత్తపుణ్యానికి ఆగిందా, తాళాలు ఇచ్చేసి వెళ్ళిపో."

"అలాగేనండి" అన్నాడు. తీయలేదు. కడియం కాస్త వెడల్పు చేసి ఊరుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆమెకు చెప్పిన అబద్ధం అదొక్కటే. "ఈ వయసులో పని ఊడితే ఏ లిఫ్టు పట్టుకుని వేలాడతారండీ?" అని పిన్ని ఇంట్లో ఏడ్చింది.

ఇరవై రోజులు బాగానే గడిచాయి. ఒక మంగళవారం పదకొండింటికి మేడమ్ నా దగ్గర కాగితాలు తీసుకుని లిఫ్టెక్కింది. చిన్నాన్న నా కొట్లో కూర్చుని స్క్రూలు ఏరుకుంటున్నాడు. మూడో అంతస్తులో లిఫ్టు ఆగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించాయి. వీధిలోకి చూశాను. లారీ లేదు. చిన్నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. పని పోయిందనుకున్నాం ఇద్దరమూ.

లిఫ్టులోంచి బయటికొచ్చి పై నుంచి మేడమ్ కేక. "తీయలేదన్నమాట! ఏమయ్యా, నీకు..."

ఆ మాట పూర్తికాలేదు. నేల కింద నుంచి ఒక మోత పుట్టింది. నా జిరాక్సు మిషను దానంతట అది గోడ దాకా నడిచింది. ఆరంతస్తులూ మూలిగాయి. లిఫ్టు సందులోంచి ఇనుము విరిగిన చప్పుడు. మనుషులమెంత, మన కాగితాలెంత అనిపించిందొక్కటే గుర్తు.

ఆగాక చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. లిఫ్టు పైకెళ్తే కిందికి దిగే ఎదురు బరువు మాత్రం పట్టా తప్పి, ఖాళీ లిఫ్టు గోడను చీల్చుకుని లోపలికొచ్చి ఉంది. సరిగ్గా మేడమ్ నిలబడే చోటికి.

ఆమె మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టే జరుగుతూ కిందికొచ్చింది. చిన్నాన్న తాళాలు ముందుకు చాపాడు.

"అబద్ధం చెప్పానండి. తీసేయమన్నారు, తీయలేదు."

ఆమె తాళాల వంక చూడనైనా లేదు. "ఆ గుండెక్కడ?" అంది.

సందు తలుపు తీశాడు. బకెట్లో నూనె అంచుదాటి ఒలికి ఉంది. పెద్ద తీగ చివర గుండు ఇంకా ఊగుతోంది, తాపీగా, ఎవరినీ పట్టించుకోకుండా. మేడమ్ గుమ్మం పట్టుకుని చాలాసేపు చూసింది.

"ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పానయ్యా. భూమిని చూడటం ఇదే మొదలు."

అలవాటు కొద్దీ గుండును ఆపబోయి చిన్నాన్న చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. దానంతట అదే ఆగనీ."