సేఫ్టీ బోటు డ్యూటీ

మా క్లబ్బులో మిగతా నియమాలన్నీ ఒక ఎత్తు, సేఫ్టీ బోటు నియమం ఒక్కటీ ఒక ఎత్తు. శామీర్‌పేట చెరువులో మా తెరచాప పడవ ఏదైనా కదలాలంటే, ముందు సభ్యుల్లో ఒకరు సేఫ్టీ బోటు ఎక్కి చెరువు నడుమకు పోయి కూర్చోవాలి. కూర్చున్న మనిషి పడవ మీద నుంచి కన్ను తిప్పకూడదు. పడవ బోల్తా పడితే తెడ్లు వేసుకుంటూ వెళ్లి, నీళ్లలో ఉన్నవాళ్లను పైకి లాగాలి. ఈ కూర్చునే పని వంతుల మీద అందరిదీ. వంతు ఎగ్గొట్టినవాళ్లకు ఆ నెల పడవ లేదు. ఇంతే. ఒకటో తరగతి పిల్లకు చెప్పినా అర్థమవుతుంది. మా సభ్యులకు మాత్రం అర్థం కాలేదు.

ముందు నేనెవరో చెప్పాలి. మేడ్చల్‌లో బస్ డిపో దగ్గర సందులో నాదో టైలర్ దుకాణం. బ్లౌజులు, ఫాల్, పీకో, బడి పిల్లల యూనిఫారాలు. వారమంతా మిషన్ మీద వంగే ఉంటాను. చంక దగ్గర బిగుతైందని ఒకామె, మెడ మరీ దిగిందని ఒకామె, రేపు పెళ్లనగా ఇవాళ గుడ్డ తెచ్చి, పైగా నా మీదే ముఖం మాడ్చుకునేది ఇంకొకామె. ఇంటికి పోతే అత్తమ్మ మందులు నేనే చూడాలి, మా ఆయన ఫోన్ చార్జర్ ఎక్కడుందో నేనే చెప్పాలి. ఇలాంటిదాన్ని నాకు పడవేంటి, తెరచాపేంటి అని మా వాడలో నవ్వనివాళ్లు లేరు.

ఒకరోజు దుకాణం ముందు ఆటో దిగి ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. చేతిలో ఇంత పెద్ద తెల్ల గుడ్డ మూట. మిలటరీలో సుబేదారుగా రిటైరై యాప్రాల్‌లో ఉంటున్నాడు. పుట్టింది శామీర్‌పేట దగ్గరి పల్లెలోనే. మిలటరీలో ఉండగా తెరచాప పడవ నేర్చుకున్నాడట. రిటైరయ్యాక రెండు పాత పడవలు సంపాదించి, ఊరి చెరువులోనే క్లబ్బు పెట్టాడు. తెరచాప చిరిగింది, ఎవరూ కుట్టనంటున్నారు, నువ్వు స్కూలు బ్యాగులు కుడతావు కదా, నీ మిషన్ కుడుతుంది అన్నాడు. కుట్టాను. కుట్టినదానివి, కుట్టు ఎట్లా నిలబడిందో చూసుకోవద్దా అని ఆదివారం చెరువు దగ్గరికి రమ్మన్నాడు. అప్పటి నుంచి ఆయన నాకు చాచా, నేను ఆయనకు బేటీ.

ఆ ఆదివారం చాచా నన్ను పడవలో కూర్చోబెట్టి, కొంతసేపటికి తాడు నా చేతికే ఇచ్చాడు. గాలి పట్టి గుడ్డ ఉబ్బింది. పడవ కదిలింది. నేను వేసిన కుట్టు నన్నే లాక్కుపోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా నీళ్లతో ముఖం కడుక్కున్నాను. నలభై దాటాక, ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా నాకు నేనుగా ఒక దిక్కుకు పోవడం అదే మొదలు. చిన్నప్పుడు పొలం బావిలో అన్నలతో ఈత నేర్చుకున్నాను కాబట్టి సభ్యత్వానికి అడ్డేమీ లేకపోయింది. ఇక వారానికి ఆరు రోజులు నేను ఆదివారం కోసమే మిషన్ తొక్కాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నాకు ఇంకేమీ లేదు, అందుకు చెబుతున్నాను.

అప్పట్లో సభ్యులు బాగానే ఉండేవారు. పేట్ బషీరాబాద్ నుంచి కంప్యూటర్ ఉద్యోగాల జంటలు, యాప్రాల్ నుంచి చాచా పాత దోస్తులు, శామీర్‌పేటలో పొలాలను ప్లాట్లు చేసి అమ్మే ఒక పటేల్. అందరికీ పడవ ఎక్కాలని ఉండేది. ఎక్కి ఫోటో దిగాలని మరీ ఉండేది. సేఫ్టీ బోటు వంతు వచ్చిన ఆదివారమే ఒకరి ఇంట్లో పుట్టినరోజు, ఒకరికి నడుంనొప్పి, ఒకరి పిల్లవాడికి పరీక్ష. పటేల్ అయితే తన వంతుకు డ్రైవర్‌ను పంపాడు. ఆ డ్రైవర్‌కు ఈత రాదు. లైఫ్ జాకెట్ మెడ దాకా బిగించుకుని, చెరువు నడుమ కూర్చుని ఫోన్‌లో సినిమా చూసుకున్నాడు. చాచా ఒక్క మాట అనకుండా అతన్ని ఒడ్డుకు తెచ్చి, తాను పోయి కూర్చున్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. క్లబ్బు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టి కడిగి పారేసేదాన్ని. మీటింగ్ పెడితే అందరూ తలలూపారు, వంతులు పాటిస్తామన్నారు, సమోసాలు తిన్నారు. తర్వాతి ఆదివారం ఒక్కరూ పత్తా లేరు. మెల్లగా ఒకరు సైకిళ్ల గ్రూపులో చేరారు, ఒకరు రిసార్టులో స్విమ్మింగ్ పూల్ చాలన్నారు, చాచా దోస్తుల్లో ఒకరు పోయారు, ఇంకొకరు మంచాన పడ్డారు. నా నోటికి భయపడి మానేశామని ఒకామె అందట. నా నోటికే భయపడేవాళ్లు చెరువు గాలికి ఏం నిలబడతారు?

చివరికి చాచా, నేను మిగిలాం. నియమానికి ఇద్దరు చాలు. ఒకరు పడవలో, ఒకరు కాపలా. తర్వాత మారాలి. అట్లా కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత చాచా పడవ ఎక్కడం మానేశాడు. మోకాళ్లు దర్ద్ చేస్తున్నాయి, నా వంతు కూడా నువ్వే తీసుకో అన్నాడు. తీసుకోకేం! మోకాళ్లకు ఏదో నూనె రాయమని చెప్పి, ఆయన వంతు కూడా నేనే తిరిగాను. దానితోపాటు కొత్త నియమం ఒకటి పెట్టాడు. పడవ మలిపిన ప్రతిసారీ ఎటు మలుపుతున్నానో గట్టిగా కేక వేసి చెప్పాలి. మరిచిపోతే తిట్లే. ఉన్నది ఇద్దరం, ఇంకా ఈయనకు మిలటరీ పిచ్చి పోలేదు అనుకుని నేనూ కేకలు పెట్టేదాన్ని. కట్ట మీద మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు నన్ను చూసి నవ్వేవారు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం, చెరువు మీద ఉన్నట్టుండి గాలి తిరిగింది. తెరచాప కింది కట్టె విసురుగా వచ్చి నా చెవి పక్కన కొట్టింది. పడవ నా మీదికే ఒరిగింది. లైఫ్ జాకెట్ నన్ను పైకి తెచ్చింది గానీ, నోట్లోకీ ముక్కులోకీ పోయిన నీళ్లకు గొంతు పట్టేసింది. పడవను తిప్పి నిలబెడదామంటే తెరచాప కట్టిన నిలువు కర్ర బురదలో దిగబడి ఉంది. ఇక నావల్ల కాదని పడవను పట్టుకుని వేలాడాను.

చాచా అంత దూరంలో ఏమీ లేడు. ముఖం నా వైపే ఉంది. చేయి ఎత్తి ఊపాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. మళ్లీ ఊపాను. కదల్లేదు. గుండెనొప్పి వచ్చిందేమో, కూర్చున్నచోటే పోయాడేమో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు ఆయన గొంతు వినిపించింది.

"మలిపినవా బేటీ? చెప్తలేవేంది?"

నా వైపే చూస్తూ అడుగుతున్నాడు. కాసేపటికి మళ్లీ, "ఎటున్నవ్? జర పలుకు" అన్నాడు.

నీళ్లలో ఉండి కూడా నాకు చెమట పట్టింది. ఈ మనిషికి నేను కనిపించడం లేదు. ఇవాళ ఒక్కరోజు కాదు, ఎన్నాళ్ల నుంచో కనిపించడం లేదు. గొంతు పెగలక పడవ అడుగును అరచేత్తో దబదబా బాదాను. ఆ చప్పుడును పట్టుకుని తెడ్లు వేసుకుంటూ వచ్చాడు. ఆయన బోటు నా పడవకు గుద్దుకుంది. వంగి చేత్తో తడిమాడు. ముందు నా తల, తర్వాత చెవి, తర్వాత జాకెట్ పట్టీ. దాన్ని పట్టుకుని పైకి లాగాడు. ఒడ్డు ఎటుందో నేను చేత్తో చూపించబోయి, చేయి దించుకుని, నోటితో చెప్పాను. పడవను తర్వాత చేపలవాళ్లు లాగిపెట్టారు.

షెడ్డులోకి పోయాక ఆయన చొక్కా పట్టుకుని నిలదీయాలనిపించింది. నిలదీశాను కూడా. ఎన్నాళ్లయింది, ఎందుకు చెప్పలేదు, నేను చచ్చి ఉంటే మా ఇంటికి ఏం చెప్పేవాడివి అని నోటికి వచ్చినట్టు అరిచాను. అంతా విని, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ మెల్లగా చెప్పాడు.

"నీటికాసులంట బేటీ. నరం సచ్చిపోయిందన్నరు. పోయిన సూపు ఇగ రాదంట. చెవులు మంచిగున్నయ్ గదా, నీ గొంతు పట్టుకోని కూసుంటనని కూసున్న. నేను లేస్తే నువ్వు గూడ ఇంటికి పోవాల్సొస్తది."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో. మోకాళ్ల నొప్పి అన్నది అబద్ధం. తన ఆదివారాలు పోయాక కూడా నా ఆదివారాల కోసం కళ్లు లేకుండా కాపలా కూర్చున్నాడు. ఆ కాపలాతో నేను చచ్చేదాన్నే. ఆయన లేకుంటే ఆ ఆదివారాలు నాకు అసలు ఉండేవే కావు. ఈ రెండింట్లో ఏది పట్టుకుని ఏడవాలో తెలియలేదు.

ఆ వారమంతా పాత సభ్యులకు ఫోన్లు చేశాను. నా జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కరు, ఆదివారం ఒక్క పూట వచ్చి సేఫ్టీ బోటులో కూర్చుంటే చాలు, పడవ కూడా మీరే తీసుకోండి, నాకు చివర్లో కొంచెంసేపు ఇవ్వండి అన్నాను. చూద్దాం అన్నవాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. క్లబ్బు ఇంకా ఉందా అని పటేల్ ఆశ్చర్యపోయాడు. చేపలవాళ్లను అడిగితే ఆదివారం పొద్దున్నే కదా మా బేరం అన్నారు. మా ఆయన్ను అడిగితే తనకు నీళ్లంటే గిట్టదన్నాడు, అంత తిరగాలనుంటే సినిమాకు పోదాం పద అన్నాడు. పాపం, ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం కంచం విసిరికొట్టాలనిపించింది.

ఇక మిగిలింది నాకు తెలిసిన పని ఒక్కటే. చాచాకు వెలుగూ నీడా కొంచెం తెలుస్తున్నాయన్నాడు. తెల్ల గుడ్డ, తెల్ల ఆకాశం ఆయనకు కలిసిపోతున్నాయేమో. కన్ను మారదు కాబట్టి గుడ్డ మార్చాలి. ఎర్రటి రెయిన్‌కోటు గుడ్డ కొని, తెరచాపకు రెండు వైపులా పై నుంచి కింది దాకా వేసి కుట్టడం మొదలుపెట్టాను. అంత మందం మీద సూదులు విరిగాయి. బ్లౌజులు ఆలస్యమై తిట్లు పడ్డాయి. పడనీ అనుకున్నాను. మిషన్ తొక్కుతుంటే నాకు మళ్లీ ఆశ పుట్టింది. పిచ్చిదాన్నే, అయినా పుట్టింది.

ఆదివారం చాచాను చేయి పట్టి కట్ట దింపి షెడ్డు ముందు నిలబెట్టాను. ఎర్ర గుడ్డ సంగతి చెప్పాను. నేను తెరచాప ఎత్తుతాను, కనిపిస్తే చెప్పు, నువ్వు చూడగలిగితే ఎప్పటిలాగే పోదాం అన్నాను. ఆయన ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని, పరేడ్‌లో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

నేను నీళ్ల పక్కనున్న పడవ దగ్గరికి పోయి, ముందు దాని మీద కప్పిన నీలం టార్పాలిన్ లాగాను. గాలి బలంగా ఉంది. టార్పాలిన్ ఎగిరి పటపటా కొట్టుకుంది.

"కనిపిస్తాంది బేటీ" అన్నాడు వెనక నుంచి చాచా. "ఎర్రగ, మస్తు కనిపిస్తాంది."

తెరచాప ఇంకా సంచిలోనే ఉంది. సంచి నా కాళ్ల దగ్గర ఉంది. మూతి ముడి కూడా విప్పలేదు.

వెనక్కి తిరిగి చూశాను. ఆయన నవ్వుతూ చేయి చాపి ఆ చప్పుడు వైపు చూపిస్తున్నాడు. నేను నోరు మూసుకుని ముడి విప్పితే చాలు. కాపలా మనిషి ఉన్నాడు, కనిపిస్తున్నానన్నాడు, నియమం ప్రకారం నేను పోవచ్చు. పోవాలని ఉంది కూడా. ఎంత ఉందంటే, వంగి ఆ ముడి మీద చేయి వేశాను. ఇంకోసారి నా గొంతు పట్టేస్తే, ఆ నీళ్ల మధ్య ఒక్కడే ఉండి, పలుకు బేటీ, పలుకు అని అరుస్తూ తెడ్లు వేస్తాడు. నేను పలకను. ఆ తర్వాత ఈ మనిషి ఎట్లా బతుకుతాడు?

"చాచా," అన్నాను, "ఇయ్యాల గాలి లేదు."

ఆయన చేయి దించాడు. టోపీ ఎగిరిపోకుండా దాన్ని ఇంకో చేత్తో తల మీద నొక్కి పట్టుకునే ఉన్నాడు.

"అవ్ బేటీ," అన్నాడు, "ఇయ్యాల లేదు."

నేను టార్పాలిన్ మళ్లీ పడవ మీద కప్పి నాలుగు మూలలూ కట్టేశాను. కొసలు గాలికి లేస్తుంటే, ఆయన చేతులు చాచి తడుముకుంటూ వచ్చి ఒక మూల పట్టుకున్నాడు.