చూలైలో వేణ్ణీళ్ల ఇల్లు

చూలైలోని ఆ పాత కట్టడం మీద ఇప్పుడు 'స్పా' అని బోర్డు పెట్టారు. మొన్న ఆ దారిన వెళ్తూ తొంగిచూస్తే, గిన్నెల్లో పూలు తేలుతున్నాయి, ఎక్కడి నుంచో సన్నగా పిల్లనగ్రోవి వినిపిస్తోంది. నాకు ఒళ్లు మండింది. మా వాళ్లందరికీ అది వేణ్ణీళ్ల ఇల్లు. బాలింతలకు నీళ్లు పోయడానికి కట్టినది.

జార్జి టౌన్‌లో పప్పుల వ్యాపారం చేసిన మా తెలుగాయన ఒకరు తాతల కాలంలో కట్టించారని మా అత్త చెప్పేది. ఆయనకు ఇంటినిండా ఆడపిల్లలేనట. పురుళ్ల మీద పురుళ్లు వచ్చి, ఇంట్లో మగవాళ్లకు కాళ్లు కడుక్కోను కూడా వేణ్ణీళ్లు మిగలక, విసిగిపోయి విడిగా కట్టించాడట. ఎందుకు కట్టించినా, కట్టిన మేస్త్రీ మాత్రం బాలింత సంగతి ఎరిగినవాడే. ఏ గుమ్మమూ మరో గుమ్మానికి ఎదురుగా ఉండదు. గాలి నేరుగా వచ్చి ఒంటికి కొట్టదు. రాగి కాగును గోడలో పొదిగి, పొగ లోపలికి రాకుండా పొయ్యి నోరు బయటికి పెట్టాడు. మిద్దె మధ్యలో ఆవిరి పోవడానికి గుండ్రటి కంత. సున్నపు గోడలు తడిమితే చెయ్యి జారుతుంది. పీట మీద కూర్చున్న తల్లి కళ్లకెదురుగా, గోడలో కిందుగా ఒక వెడల్పాటి గూడు. నీళ్లు పోస్తున్నంతసేపూ బిడ్డ అందులో, తల్లికి కనపడుతూ పడుకుని ఉంటుంది.

నేను అక్కడికి వెళ్లింది కొన్నేళ్ల కిందట, నిండు నెలల్లో నా బిడ్డ కడుపులోనే పోయినప్పుడు. కోడంబాక్కంలో మా అత్తవారింట్లో అందరూ నన్ను బాగానే చూసుకున్నారు. "జరిగింది మరిచిపో" అనేవారు, నాకేదో కాలు బెణికినట్టు. బిడ్డ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నాకు ఆ ఒక్క మాటే కావాలి. అడిగి అనిపించుకునేది కాదు కదా. పురిటి నీళ్ల ఊసు వస్తే, బిడ్డే లేనప్పుడు నీళ్లెందుకు అన్నారు.

అత్తకూ నాకూ మొదటి నుంచీ పొసగదు. నేను కలిపిన కాఫీ ఆమె గొంతు దిగదు. ఆమె సాధింపు నాకు అరగదు. అలాంటి మనిషి ఒక పొద్దున ఆటో పిలిపించి నా గది గుమ్మంలో నిలబడింది.

"లెయ్యి. ఈడ కూసోని గోడల్ని చూసింది చాలు. చూలైకి పోదాం రా."

నీళ్లు పోసే ముసలావిడకు మా సంగతి తెలియదు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, తలకు నువ్వుల నూనె పట్టించి, అలవాటుగా గూడు తుడిచి మెత్తటి గుడ్డ పరిచింది.

"బిడ్డ యాడమ్మా? ఏం బిడ్డ?" అంది.

కాగు పక్కన వేణ్ణీళ్లలో చన్నీళ్లు తొరుపుతున్న అత్తే జవాబు చెప్పింది.

"ఆడబిడ్డ. నా మనవరాలు. మాకు దక్కలా." చెంబు ముంచి ఆవిడ చేతికిచ్చింది. "నా కోడలు పచ్చి బాలింత. నడుం మీద బాగా పొయ్యమ్మా."

మొదటి చెంబు వీపు మీద పడగానే నేను బావురుమన్నాను. అత్త ఊరుకోమనలేదు. కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి, ఆవిడ చేతిలోంచి చెంబు తీసుకుని మిగిలిన నీళ్లన్నీ తనే పోసింది.