మునిరత్నం గుగ్లీ, నా స్టంపింగ్

నిన్న పొద్దున ఫోన్ మోగింది. మునిరత్నం మనవడు.

"తాతా, మా తాత పొయినాడు" అన్నాడు.

"ఎవురు?" అని అడిగాను. తెలిసే అడిగాను.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

మనవరాలు టైప్ చేస్తోంది, నేను చెబుతున్నాను. నాకు తొంభై మూడు. మునిరత్నం నాకంటే ఏడాది పెద్ద. చిత్తూరులో మా స్కూల్ టీమ్‌కి వాడు లెగ్ స్పిన్నర్, నేను వికెట్ కీపర్. స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది మాట ఇది.

వాళ్ల నాయన విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. ఇంటి ముందు పందిరి కింద ఎప్పుడూ జనమే. వీడు అదే చూస్తూ పెరిగాడు. అందుకే బంతి కంటే చేతి మీద ధ్యాస ఎక్కువ.

వాడి గుగ్లీ బ్యాట్స్‌మన్‌కే కాదు, నాకూ అంతుపట్టేది కాదు. లెగ్ బ్రేక్ అనుకుని నేను కుడికి పోతే, బంతి లోపలికి తిరిగి ఎడమ పక్క నుంచి బౌండరీకి పోయేది.

రాయవేలూరు టీమ్‌తో మ్యాచ్‌కు రెండు రోజుల ముందు కెప్టెన్ చెప్పేశాడు, ఇట్లా బంతి వదిలేసి బైస్ పరుగులు ఇస్తే కీపర్‌ని మారుస్తానని.

మునిరత్నం నన్ను వాళ్లింటికి లాక్కుపోయాడు. కుడిచేయి చాపి, "నా ముంజెయ్యి పట్టుకో. కండ్లు మూసుకో" అన్నాడు.

మెల్లగా చేయి తిప్పాడు.

"లోపల రెండెముకలు ఉండాయి. ఒకటి ఇంకోదాని మీద పొర్లతా ఉండాది, తెలస్తా ఉండాదా?"

తెలిసింది. నిజంగా వేళ్ల కింద తెలిసింది.

"గుగ్లీకి మణికట్టు ఇంకా తిరగాల. దానికి భుజం దిగాల. దిగకుంటే ఎముక ఒప్పుకోదు. నువ్వు బంతిని సూడొద్దబ్బా, భుజం సూడు. సేతి ఎనకపక్క కనపడితే ఎడమకి పో."

పందిరి కింద కాలికి కట్టుతో పడుకున్న పెద్దాయన కూడా తన చేయి తిప్పి చూసుకుంటున్నాడు.

మ్యాచ్ రోజు. చాప పరిచిన పిచ్. వాళ్లకు మూడు పరుగులు కావాలి, మాకు ఒక్క వికెట్. ఆడుతున్నవాడు పొద్దుటి నుంచి క్రీజు వదల్లేదు.

మునిరత్నం పరుగెత్తుకొచ్చాడు.

భుజం దిగింది. చేతి వెనకభాగం నా వైపు తిరిగింది.

బంతి చాప మీద పడకముందే నేను ఎడమకు కదిలాను.

బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి గాలిలో ఊపాడు. బంతి లెగ్ స్టంప్ పక్క నుంచి నేరుగా నా గ్లవ్స్‌లోకి. వాడు వెనక్కి తిరిగేలోపే స్టంప్స్‌ని కొట్టాను, బెయిల్స్ ఎగిరాయి. అంపైర్ వేలు లేచింది.

ఇప్పుడు చెబుతూ చెబుతూ లేచి నిలబడ్డాను. మనవరాలు "తాతా, కూచో" అంటోంది.

అందరూ వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాడు పైనుంచి నన్ను చూపించి, "వాణ్ణి ఎత్తండప్పా. నేనేం ఏసినానో వాడొకడే సూసినాడు" అన్నాడు.

మద్రాసు పోయి ఆడమని చాలామంది చెప్పారు. పోలేదు. నాయన తర్వాత ఆ పందిరి కిందే కూర్చుని, ఎంతమంది చేతులు, కాళ్లు నిలబెట్టాడో లెక్క లేదు.

పోయిరా మునిరత్నం. ఊరందరి నొప్పులూ తగ్గించావు. నీకు ఏ నొప్పీ లేని చోట నెమ్మది దొరకాల.