చీరల బుట్ట కోసం దాచుకున్న కుకీలు

మా నాన్నకు ముంబైలో ఫాక్‌లాండ్ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. గల్లా పక్కన కూర్చుని పెరిగాను కాబట్టి నాకు అక్షరాల కన్నా బేరం ముందొచ్చింది. కావలసిన వస్తువును చివర అడగాలి. ముందు అక్కర్లేనివి రెండు తీయించాలి. ధర తెగకపోతే "పక్కకు పెట్టు, మళ్లొస్త" అని మెట్లు దిగాలి. పక్కకు పెట్టిన సామాను అమ్మేవాడి కళ్లలో పొడుస్తూనే ఉంటుంది, మనం తిరిగొచ్చేసరికి మెత్తబడతాడు. ఈ విద్యతో కామాటిపుర గల్లీల్లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా పది నిమిషాలు నిలబడే మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు చూసే మా వదిన నన్ను నమ్మింది.

వదిన అంటే మా అన్న భార్య. ఒంటిగదులు వరసగా ఉండే మా చాల్‌లో మా పక్క గదే. తెల్లవారుతూనే జొన్నరొట్టెలు కాల్చి, పాలమూరు నుంచి బిల్డింగు పనులకు వచ్చిన కూలీలకూ, మా చాల్‌లోనే వండుకునే తీరిక లేని నాలుగైదు ఇళ్లకూ భోజనం డబ్బాలు కడుతుంది. అన్న పని పోయాక ఆ ఇల్లు డబ్బాల మీదే నడుస్తోంది. అలాంటి మనిషికి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తేలింది. ఆస్పత్రికి పోయే రోజుల్లో "వర్లిల మా అమ్మకు బాగ లేదు" అని చెప్పి పోయేది. జబ్బు మనిషి చేతి వంట ఎవరు తింటారన్నదే ఆమె భయం. కీమో మందులకు జుట్టు రాలడం మొదలయ్యాక ఒకరోజు నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది.

"ఆన్‌లైన్ల విగ్గులు దొరుకుతయంట గదా. జర చూడు. దుకాన్ల నిలవడితె ఎవలన్న చూస్తరు."

"నాకిడిచిపెట్టు వదినె. సగం ధరకు తెస్త."

"ధర పోనీయే. ఒక్కలకు గూడ తెల్వద్దు. తెలిస్తె డబ్బాలు బందైతయి."

అప్పుడే ఏదో ఒక విగ్గు కొని ఉంటే సరిపోయేది. కానీ నాన్న పెంపకం ఊరుకోనిస్తుందా? పది పదిహేను సైట్లు తిరిగాను. అలవాటు కొద్దీ ముందు తలనూనెలు చూసి, క్లిప్పులు చూసి, ఆ తర్వాతే విగ్గుల దగ్గరికి వెళ్లేదాన్ని, అక్కడెవరో కూర్చుని నా మొహం చదువుతున్నట్టు. ప్రతి సైటూ తెరవగానే కుకీలకు ఒప్పుకుంటారా అని ఒక పెట్టె అడ్డం వచ్చేది. "అన్నీ అంగీకరిస్తున్నాను" అన్నది పెద్ద బటన్. దాని కింద సన్నని అక్షరాల్లో ఇంకేదో ఉండేది. కొత్తిమీర దగ్గర పది నిమిషాలు నిలబడే నేను, ఇక్కడ ఒక్క మాట అడగకుండా పెద్ద బటన్ నొక్కుకుంటూ పోయాను.

అయినా జాగ్రత్తపరురాలినే కదా. గదుల ముందు ఉమ్మడి వరండాలో, అదే మా గ్యాలరీలో, ఆడవాళ్లు నా ఫోన్ చేతులు మార్చుకుంటారని తెలుసు. చూసినవన్నీ చెరిపేద్దామని బ్రౌజర్ సెట్టింగులు తెరిచాను. రెండు గళ్లకు టిక్కులు పెట్టి ఉన్నాయి. ఒకటి హిస్టరీ. రెండోది కుకీలు, సైట్ డేటా. రెండోది చెరిపితే చాలా సైట్ల నుంచి బయటికి వచ్చేస్తారని రాసి ఉంది. అక్కడే ఆగాను. బోనాలకు గ్యాలరీ మొత్తానికి చీరలు తెచ్చే బాధ్యత నాది. మూడు సైట్లలో లాగిన్ కూడా కాకుండా చీరలు బుట్టలో వేసి వదిలేశాను. పక్కకు పెట్టిన సామాను కదా, ధర తగ్గేదాకా ఉండాలి. ఆ బుట్ట పోకూడదని రెండో గడిలో టిక్కు తీసేసి, హిస్టరీ మాత్రం చెరిపాను. వదినతో "అంతా సాఫ్ చేసిన" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లమంతా గ్యాలరీలో కూర్చుని, నా ఫోన్‌లో చీరల ధరలు పోల్చి చూపే సైటు ఒకటి తెరిచాం. చీరల మధ్య విగ్గు. పేజీ జరిపితే ఇంకో విగ్గు.

"ఏందే, నీ జడ గూడ బేరంల పెట్టినవా?" అని ఎదురు గది అత్త నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో గది కోడలు ఫోన్ లాక్కుని, ప్రకటన కింది హిందీ అక్షరాలు కూడబలుక్కుంది. "కీమో తర్వాత... జుట్టు పోయినోళ్లకంట."

నవ్వు ఆగిపోయింది. నా జడ నడుం దాకా ఉంది, నాకే అని అబద్ధమాడే వీలు లేదు. గ్యాలరీ చివర తలకు రుమాలు చుట్టుకుని డబ్బాలు తోముతున్న వదిన వైపు అందరూ ఒక్కసారే తిరిగారు. నల్లా పారుతూనే ఉంది. వదిన తలెత్తలేదు.

రెండు రోజుల తర్వాత ఎదురు గది అత్త డబ్బా మానిపించింది. "అంటురోగమని గాదు బిడ్డా, మా ఆయనకు ముద్ద దిగుతలేదంట." ఆమె ఆ మాటైనా చెప్పింది. కూలీల మేస్త్రీ అదీ చెప్పకుండా వేరే మెస్ చూసుకున్నాడు.

అంతా అయ్యాక కూర్చుని చదివాను. కుకీ అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న చీటీ. బుట్టలో ఏముందో, లాగిన్ అయ్యామో లేదో గుర్తుపెట్టుకునే చీటీలు మనకూ పనికొస్తాయి. అదే పేజీలో ప్రకటనల కంపెనీలు పెట్టే చీటీలు వేరే. ఈ దుకాణంలో ఏం చూశామో ఇంకో దుకాణంలో చెప్పేవి అవే. పెట్టె కింది సన్నని అక్షరాలు "అవసరమైనవి మాత్రమే" అంటున్నాయి. అది నొక్కినా నేను చూసిన సైట్లన్నీ మామూలుగానే తెరుచుకున్నాయి. బయటి కంపెనీల చీటీలను మొత్తంగా ఆపే మీట సెట్టింగుల్లో ఉంది. ఒక్క సైటు చీటీలే ఏరి తీసేయొచ్చు, అంటే చీరల బుట్ట ఉంచుకుని విగ్గుల జాడ తుడిచే దారి కూడా ఉండింది. రహస్యంగా చూడాలంటే ప్రైవేట్ విండో ఉంది, మూసేస్తే దాని చీటీలు పోతాయి. ఖాతాలోకి లాగిన్ అయి చూస్తే మాత్రం ఆ ఖాతా గుర్తుపెట్టుకుంటుంది. రెండు నిమిషాల పని. అవన్నీ ఒక్కొక్కటిగా చేశాను. విగ్గుల ప్రకటనలు ఆగిపోయాయి, బుట్టలో చీరలు అలాగే ఉన్నాయి. వాటి ధర ఒక్క రూపాయి తగ్గలేదు.

"విగ్గు ఇప్పుడన్న తెప్పిస్త వదినె" అన్నాను.

"ఎందుకు? ఎవలకు దాచాలె?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఉన్న కొద్ది డబ్బాలే కడుతోంది ఇప్పుడు. ఏదైనా కావాలంటే నాతో చెప్పదు. రుమాలు బిగించుకుని తనే దుకాణానికి పోతుంది. అమ్మేవాడు చెప్పిన ధర ఇచ్చేసి, నా గది ముందు నుంచే తెచ్చుకుంటుంది.